గర్భిణుల ఫోన్లకు వారం వారం ఆరోగ్య సందేశం: నా అనుభవం

ఫోన్ ద్వారా ఆరోగ్య పాఠాలు చెప్పాలనగానే ముందు అందరికీ తట్టేది యాప్. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలోని గర్భిణులకు, బాలింతలకు సమాచారం పంపాలనుకున్నప్పుడు మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఆశా కార్యకర్తలతో కలిసి ఇంటింటికీ వెళ్లి ఫోన్లు చూశాక ఆ ఆలోచన మానుకున్నాం. చాలా ఫోన్లలో మెమరీ నిండిపోయి ఉంటుంది. కొత్త యాప్ పెట్టాలంటే ఫొటోలు తీసేయాలి. పెళ్లి ఫొటోలు తీసేసి ఆరోగ్య యాప్ పెట్టుకునేవాళ్లు ఉండరు. ఓటీపీ వెళ్లే నంబరు భర్తది, ఆయన పనిలో ఉంటాడు. పెట్టించినా, రెండోసారి తెరవమని గుర్తు చేసేవాళ్లు కావాలి. వాట్సాప్ అయితే అప్పటికే ఉంది. చదువు రానివాళ్లు కూడా అందులో మైకు గుర్తు నొక్కి పట్టుకుని మాట్లాడగలరు. మిగతా పనంతా ఆ మైకు గుర్తు చుట్టూనే కట్టుకున్నాం.

నమోదు రోజున 'ఫోన్ ఉందా?' అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఫోన్ ఎవరిది? పగలు ఎవరి దగ్గర ఉంటుంది? టచ్ ఫోనా, చిన్న ఫోనా? నెట్ ప్యాకు నెలంతా ఉంటుందా, మధ్యలో అయిపోతుందా? మీకు వచ్చిన మెసేజ్‌ను ఇంట్లో ఇంకెవరు వింటారు? చివరి ప్రశ్న మొహమాటంగా ఉంటుంది గానీ అదే ముఖ్యం. తెల్లబట్ట గురించి, కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ గురించి పంపిన మాట మామగారి ముందు గట్టిగా మోగితే ఆమె ఆ తర్వాత మన మెసేజ్ ఏదీ తెరవదు. ఇలాంటి విషయాలను మేము ఫోన్‌లో పంపడం మానేసి ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు చెప్పేలా మార్చాం.

అనుమతి విషయంలో తొందరపడకూడదు. ఏం పంపుతాం, వారానికి ఎన్ని, ఎవరు పంపుతారు, వద్దనుకుంటే ఎలా ఆపాలి అన్న నాలుగు ముక్కలూ ఆమెకే చెప్పాలి. అత్తగారికి చెప్పి ఊరుకుంటే అది అనుమతి అవ్వదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, కడుపుతో ఉన్న సంగతి ఇంకా బయటికి చెప్పుకోని మూడో నెలలో ఆమె నంబరు పదిమందికీ కనపడేలా పెట్టడం తప్పు. వాట్సాప్ గ్రూపులో సభ్యుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి. అందుకే గ్రూపు వద్దనుకుని బ్రాడ్‌కాస్ట్ జాబితా ఎంచుకున్నాం. దీంట్లో ఒకేసారి 256 మందికి పంపవచ్చు, ఎవరి మెసేజ్ వాళ్లకు విడిగా వెళ్తుంది, ఎవరి జవాబూ ఇంకొకరికి కనపడదు. దీనికి ఒక మెలిక ఉంది: అవతలివాళ్ల ఫోన్‌లో మన నంబరు సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. లేకపోతే ఎక్కడా తప్పు అని చూపించదు, ఊరికే చేరదు. మొదటి నెలలో 'అక్కా, నాకు ఏమీ రాలేదు' అన్నవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే. ఆ తర్వాత నమోదు పద్ధతి మార్చాం. ఆశా కార్యకర్త తన చేత్తోనే ఆమె ఫోన్‌లో 'ఆరోగ్య కేంద్రం అక్క' అని నంబరు సేవ్ చేయాలి, అక్కడ కూర్చునే ఒక పరీక్ష మెసేజ్ తెప్పించుకోవాలి, ఆమెతో ఒక వాయిస్ మెసేజ్ తిరిగి పెట్టించాలి. ఇదంతా అయ్యాకే పేరు ఎక్కినట్టు. ఫోన్ మార్చినా, సిమ్ మార్చినా ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. మూడో నెల గర్భిణికి వెళ్లాల్సిన మాట తొమ్మిదో నెల గర్భిణికి వెళ్తే పనికిరాదు. ముందు నెలలవారీగా జాబితాలు పెట్టాం: మూడో నెల, నాలుగో నెల, ఇలా. నెల మారగానే ప్రతి పేరునూ ఒక జాబితాలోంచి తీసి ఇంకోదాంట్లో వేయాలి. రెండు నెలలు తిరిగేసరికి కొందరి పేర్లు రెండు జాబితాల్లో, కొందరివి ఎందులోనూ లేవు. పైగా 'ఎన్నో నెల?' అంటే ఒకరు నడుస్తున్న నెల చెప్తారు, ఇంకొకరు నిండిన నెల చెప్తారు. ఐదో నెల అన్న ఇద్దరి మధ్య నెల రోజుల తేడా ఉండొచ్చు.

దీనికి దొరికిన దారి చాలా తేలిక. జాబితాకు కాన్పు నెల పేరు పెట్టాం. చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఎక్సెల్‌లో తేదీ ఉన్న గడికి 280 కలిపితే చాలు. 2025 జనవరి 10 అయితే 2025 అక్టోబరు 17 వస్తుంది, ఆమె పేరు 'అక్టోబరు కాన్పులు' జాబితాలోకి వెళ్తుంది. కాన్పు అయ్యేదాకా ఇక ఆ పేరును కదపక్కర్లేదు. జాబితాలో ఉన్నవాళ్లంతా కలిసి నెలలు నిండుతారు, మనం ఆ జాబితాకు ఏ వారం ఏ మాట పంపాలో మార్చుకుంటూ పోవడమే. నెలసరి తేదీ గుర్తులేని వాళ్లను పండగతో అడగాలి: సంక్రాంతికి ముందా, తర్వాతా? శివరాత్రి నాటికి తలస్నానం చేశారా? ఇలా అడిగితే చాలామంది రెండుమూడు రోజుల తేడాలో చెప్పేస్తారు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ చూసి డాక్టరు కార్డు మీద తేదీ మారిస్తే దాన్నే తీసుకోవాలి. ఏడో నెల దాటాక తీసిన స్కానింగులో వేరే తేదీ కనిపించిందని జాబితా మార్చకూడదు. బిడ్డ పెద్దదైన కొద్దీ స్కానింగుతో తేదీ కట్టడంలో తేడా పెరుగుతుంది.

ఈ పద్ధతిలో ప్రమాదం ఒకటుంది, దాన్ని ముందే చెప్పుకోవాలి. కడుపు పోయిన తల్లికి 'ఈ వారం మీ బిడ్డ కదలికలు గమనించండి' అన్న మాట వెళ్లకూడదు. ఎన్ని మంచి మాటలు పంపినా ఆ ఒక్కటి సరిదిద్దలేం. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం ఒక్కో ఆశా కార్యకర్తకూ ఫోన్ చేసి మూడే అడుగుతాం: ఈ వారం ఎవరికైనా కాన్పు అయిందా, ఎవరికైనా కడుపు పోయిందా లేక బిడ్డ పోయిందా, ఎవరైనా ఊరు మారారా? జవాబు వచ్చాకే సోమవారం మెసేజ్ వెళ్తుంది. ఒక ఆశా కార్యకర్త ఫోన్ ఎత్తకపోతే ఆమె ఊరి పేర్లకు ఆ వారం ఏమీ పంపం. వారం ఆలస్యమైతే నష్టం లేదు. నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్లను కూడా ఆ రోజే కాన్పు జాబితాలోంచి తీసి బిడ్డ పుట్టిన నెల పేరుతో ఉన్న రెండో వరస జాబితాలో వేయాలి.

పుట్టింటి ప్రయాణం ఇంకో సంగతి. మన దగ్గర ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో, ముఖ్యంగా తొలి కాన్పుకి, అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. అత్తారింట్లో భర్త ఫోన్‌కు వెళ్తున్న మెసేజ్ ఇక ఆమెకు చేరదు. సరిగ్గా ప్రమాద సూచనలు వినాల్సిన వారాల్లోనే ఆమె జాబితా నుంచి జారిపోతుంది. కాబట్టి ఆరో నెల మెసేజ్ ఒకటి అచ్చంగా దీనికే పెట్టాం: 'పుట్టింటికి ఎప్పుడు వెళ్తారు? అక్కడ మీ చేతిలో ఉండే నంబరు ఏది?' అమ్మ నంబరో, తమ్ముడి నంబరో చెప్తారు. ఆ ఫోన్‌లో మన నంబరు సేవ్ చేయించడం కూడా ఫోన్ మీదే నేర్పాలి.

చిన్న ఫోన్ ఉన్నవాళ్ల సంగతి వేరే. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన కిల్కారీ సేవ ఇలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకున్నదే: నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 రికార్డు కాల్స్. నెట్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. అంత ఏర్పాటు మా దగ్గర లేదు కాబట్టి మేము వాట్సాప్‌లో పంపే వాయిస్‌నే ఆశా కార్యకర్త తన ఫోన్‌లో పెట్టుకుని ఇంటికి వెళ్లినప్పుడు వినిపిస్తుంది. ఎస్సెమ్మెస్ మీద ఆశ పెట్టుకుంటే తెలుగుకు అది చాలా ఇరుకు. ఇంగ్లిషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, దానికి మించి కలిపి పంపితే ముక్కకు 67. గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు చోట్లు తింటుంది. 'రేపు బుధవారం టీకాల రోజు' అంటే 23 అయిపోయాయి. పైగా మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లకు పంపేవారి పేరూ, పంపే వాక్యాల నమూనా ముందే టెలికాం సంస్థల దగ్గర నమోదు కావాలి. టీకా రోజు గుర్తు చేయడానికి సరిపోతుంది, పాఠం చెప్పడానికి సరిపోదు.

ఇక మాట రాయడం. సమయమంతా ఇక్కడ పెట్టాలని నా గట్టి నమ్మకం. 'రక్తహీనత' అని రాస్తే పోస్టరు మీద బాగుంటుంది, ఇంట్లో 'రక్తం తక్కువ' అంటారు. బీపీ పెరిగి ఫిట్స్ రావడాన్ని పెద్దవాళ్లు గుర్రపు వాతం అంటారు; ఆ మాట వాడితే అత్తగారు కూడా చెవి ఇటు పెడుతుంది. కోస్తాలో బిళ్ల, తెలంగాణలో గోలి. గోంగూరను పుంటికూర అనే చోట గోంగూర అంటే అర్థమవుతుంది గానీ తమది కాదనిపిస్తుంది. రాగులు ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు. ఒకే రికార్డింగును రెండు రాష్ట్రాలకూ పంపుదామనుకునేవాళ్లు కనీసం తిండి పేర్లున్న మెసేజ్‌లనైనా విడిగా రికార్డు చేయాలి. సవర, గోండి, కోయ మాట్లాడే ఊళ్లకు ఆ ఊరి ఆశా కార్యకర్త తన భాషలో, తన గొంతుతో చెప్పిందే పంపాలి. తెలుగు రాత పట్టుకుని మాటకు మాట మార్చి చదివితే కుదరదు.

ఒక మెసేజ్‌లో ఒకే సంగతి ఉండాలి, 90 సెకన్లు దాటకూడదు. మామూలుగా మాట్లాడే వేగంలో 140 మాటల దాకా పడతాయి. మా దగ్గర ఎక్కువ పని చేసిన రాత ఇది:

'అమ్మా, నేను సబ్ సెంటర్ అక్కని మాట్లాడుతున్నాను. మీకు ఇచ్చిన ఎర్ర బిళ్ల ఐరన్ బిళ్ల. రోజుకు ఒకటి. మీ కార్డులో రెండు అని రాసి ఉంటే రెండు. రాత్రి అన్నం తిన్న గంటకు, పడుకోబోయే ముందు మంచినీళ్లతో వేసుకోండి. టీతో వద్దు, పాలతో వద్దు. తెల్ల బిళ్ల కాల్షియం. అది పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, తిండితో పాటు. రెండు రంగులూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఎర్ర బిళ్ల మొదలుపెట్టాక విరేచనం నల్లగా వస్తుంది. భయపడకండి, ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ అలా పోతుంది. బిడ్డ నల్లగా పుట్టడం దీనివల్ల కాదు. వికారంగా ఉన్నా, మలబద్ధకం వచ్చినా మానేయకుండా నాకు చెప్పండి. ఇప్పుడు ఒక్క పని చేయండి. మీ దగ్గర ఎర్ర బిళ్లలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఆ అంకె నాకు వాయిస్ పెట్టండి.'

ఇందులో రెండు వాక్యాలు తప్పులోంచి వచ్చాయి. మొదట 'రోజుకు ఒకటి' అని మాత్రమే పంపాం. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువున్న వాళ్లకు రోజుకు రెండు వేసుకోమని కార్డులో రాసి ఉంటుంది. వాళ్లలో కొందరు మన మాట విని ఒకటికి తగ్గించారు. అందరికీ ఒకేలా వెళ్లే మెసేజ్‌లో మోతాదు చెప్పేటప్పుడు 'మీ కార్డులో ఉన్నదే లెక్క' అన్న ముక్క తప్పకుండా ఉండాలి. రెండోది రంగు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ బిళ్ల ఎరుపు, బడి వయసు ఆడపిల్లలకు వారానికొకటి ఇచ్చేది నీలం, చిన్నపిల్లలది గులాబీ. బయట మందుల షాపులో కొన్నది ఏ రంగైనా ఉండొచ్చు. అలా కొనుక్కున్నవాళ్లకు 'ఎర్ర బిళ్ల' అంటే తెలియదు. వాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టి, స్ట్రిప్ ఫొటో తెప్పించుకుని, సబ్ సెంటర్ నర్సు అయిన ఏఎన్‌ఎం చూసి విడిగా జవాబు చెప్తుంది.

ఆఖరి వాక్యమే ఈ పద్ధతికి ప్రాణం. 'అర్థమైందా?' అంటే అందరూ 'ఆఁ' అంటారు, దాంతో మనకేమీ తెలియదు. మిగిలిన బిళ్లల అంకె అడిగితే కథంతా బయటపడుతుంది. 30 బిళ్లలు ఇచ్చి 12 రోజులైతే 18 మిగలాలి. 27 అని జవాబు వస్తే మూడో రోజునే ఆపేసిందని తెలుస్తుంది. ఆ రోజు సాయంత్రమే ఆశా కార్యకర్త వెళ్లి, ఎందుకు మానేశావని నిలదీయకుండా, కడుపులో ఎలా ఉంటోంది అని అడుగుతుంది. వికారం అయితే వేళ మారుస్తాం. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఇంట్లో ఎవరో అన్నారంటే ఆ మాట అన్నవాళ్లతోనే మాట్లాడతాం. ప్రతి మెసేజ్ చివరా ఇలా ఇంట్లోనే నిమిషంలో చేయగలిగే పని ఒకటి, దానికి అంకెతోనో ఒక్క మాటతోనో వచ్చే జవాబు ఒకటి పెట్టుకోవాలి. కార్డులో పోయినసారి బీపీ ఎంత రాశారు? తర్వాతి చెకప్ ఏ తేదీ? కాన్పు రోజున వెంట వచ్చేది ఎవరు? జవాబు అడగని మెసేజ్‌లను మేము క్రమంగా తీసేశాం.

రాసినదాన్ని పంపే ముందు ఐదుగురికి వినిపించాలి. విన్నాక 'దీన్ని మీ తోడికోడలికి చెప్పమంటే ఎలా చెప్తారు?' అని అడగాలి. ఆమె చెప్పేటప్పుడు ఏది వదిలేసిందో, ఏది తలకిందులు చేసిందో రాసుకోవాలి. ఐదుగురిలో ఇద్దరు ఒకే చోట తడబడితే తప్పు రాతది. 'రెండు గంటల ఎడం ఇవ్వండి' అన్నది ఇలాగే పోయింది. చాలామంది దాన్ని 'రెండు గంటలకు వేసుకోండి' అని తిరిగి చెప్పారు. అందుకే పైన గంటల బదులు పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు అని పెట్టాం.

రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. ఫ్యాన్ ఆపేసి, తలుపులు వేసి, పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో కూర్చుని, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకుంటే చాలు. ఎదురుగా పెట్టుకుంటే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. బోరు మోటారు, మైకులో పాటలు లేని వేళ చూసుకోవాలి. గొంతు ఆ ఊరివాళ్లకు తెలిసిన ఏఎన్‌ఎందో, ఆశా కార్యకర్తదో అయి ఉండాలి. మంచి యాంకర్ గొంతుతో చేసినవి కూడా పంపి చూశాం. జవాబులు తక్కువ, 'ఇది ఎవరు పంపారు?' అన్న అనుమానాలు ఎక్కువ.

ఇక్కడ సాంకేతికంగా ఒక ఎంపిక ఉంది. విడిగా రికార్డు చేసి, కత్తిరించి, ఆడియో ఫైలుగా పంపవచ్చు. 64 కేబీపీఎస్ మోనోలో 90 సెకన్లు 720 కేబీ వస్తుంది, పెద్ద బరువేమీ కాదు. కానీ ఆడియో ఫైలును డౌన్‌లోడ్ చేసుకోవాల్సి రావచ్చు. వాట్సాప్‌లోనే మైకు నొక్కి చెప్పిన వాయిస్ మెసేజ్ అయితే దానంతటదే దిగుతుంది, నొక్కగానే మోగుతుంది. విన్నాక మైకు గుర్తు నీలం రంగులోకి మారుతుంది. నీలం టిక్కులు ఆపేసుకున్న వాళ్ల దగ్గర కూడా ఈ గుర్తు మారుతుంది. తెరిచిందా, విన్నదా అన్న తేడా దీంతో తెలుస్తుంది. కాబట్టి కాగితం ఎదురుగా పెట్టుకుని, మధ్యలో కావాలంటే పాజ్ చేసుకుంటూ, వాయిస్ మెసేజ్‌గానే చెప్తాం. చిన్న తడబాటు ఉంటే ఉండనిస్తాం. మోతాదు, తేదీ, నంబరు తప్పు పడితే మాత్రం చెరిపేసి మొదటినుంచి.

వీడియోను చేతులు చూపించాల్సిన చోటికే ఉంచాం: ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపడం, చేతులు కడగడం, తక్కువ బరువు బిడ్డను ఛాతీకి ఆనించి పట్టుకోవడం. నిమిషం వీడియో 480పీలో 500 కేబీపీఎస్ దగ్గర పెడితే సుమారు 4 ఎంబీ. యూట్యూబ్ లింకు పంపితే మన వీడియో అవగానే పక్కన ఇంకేదో మొదలవుతుంది, అందుకని ఫైలే పంపుతాం. పాలు పట్టే తీరు చూపించే వీడియోను మాత్రం ఎవరికీ పంపం. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఇంట్లో అందరూ చూసే గ్యాలరీలోకి చేరుతుంది. గుడ్డ బొమ్మతో చేసింది ఆశా కార్యకర్త ఫోన్‌లో ఉంటుంది, ఆమె పక్కన కూర్చుని చూపిస్తుంది.

బొమ్మ మీద తెలుగు రాసేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. డీటీపీ సెంటర్లలో వాడే అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినదాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అవి అన్ని ఫోన్లకూ అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కావు. మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయించుకోవాలి. ఇక కొన్ని వీడియో ఎడిటింగ్ యాప్‌లకు ఒత్తులు కలపడం రాదు. 'రక్తం' కాస్తా 'రక్‌తం' అవుతుంది. అలాంటి చోట అక్షరాలను వేరే యాప్‌లో బొమ్మగా చేసుకుని ఆ బొమ్మను వీడియోలో అతికించాలి. కిందా పైనా ఒత్తులు, గుడులు తగులుకోకుండా వరసల మధ్య ఎడం ఇంగ్లిషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వాలి.

ఏ వేళకు పంపాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఫోన్ ఆమె దగ్గరే ఉండే ఇళ్లలో మధ్యాహ్నం 2, 3 గంటలు మంచి వేళ. భర్త ఫోన్ అయితే రాత్రి ఎనిమిది తర్వాత. రాత్రి పంపేవాటిలో ఇంట్లో అందరూ వినాల్సినవి పెట్టుకోవడం మేలు. ప్రమాద సూచనల మెసేజ్‌ను మేము కావాలనే రాత్రి పంపుతాం: రక్తస్రావం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాచడం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం. వీటిలో ఏది కనిపించినా బండి మాట్లాడాల్సింది భర్త, డబ్బు తీయాల్సింది మామగారు, వెంట వెళ్లాల్సింది అత్తగారు. ఆ మాట వాళ్ల చెవిన పడాలి.

తిరిగి వచ్చే ప్రశ్నలకు ముందే మనిషి ఉండాలి. ఆ ఏర్పాటు లేకుండా మెసేజ్‌లు మొదలుపెట్టొద్దని నా సలహా. వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకుంటే పని వేళ కానప్పుడు దానంతటదే వెళ్లే జవాబు రాసిపెట్టుకోవచ్చు. మాది ఇలా ఉంటుంది: 'ఈ నంబరుకు జవాబు పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా. రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, నొప్పులు మొదలైనా మెసేజ్ పెట్టి ఎదురుచూడకండి, 108కి ఫోన్ చేయండి.' చదవడం రానివాళ్ల కోసం ఇదే మాట నమోదు రోజున నోటితో కూడా చెప్పాలి. అదే యాప్‌లో రంగు లేబుళ్లు ఉంటాయి. వెంటనే ఫోన్ చేయాల్సినవాటికి ఎరుపు, ఏఎన్‌ఎం ఇంటికి వెళ్లి చూడాల్సినవాటికి పసుపు, సమాచారం చెప్తే సరిపోయేవాటికి ఆకుపచ్చ. ఎర్ర లేబుల్ ప్రశ్నకు టైపు చేసి జవాబు ఇవ్వకూడదు, కాల్ చేయాలి. మందు పేరు, మోతాదు చెప్పడం ఆశా కార్యకర్త పని కాదు. ఫోన్ ద్వారా వైద్యం చేయడానికి 2020 మార్చి 25న వచ్చిన మార్గదర్శకాలు రిజిస్టర్డ్ డాక్టర్లకు వర్తిస్తాయి. అలాంటి అవసరం పడితే ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడిస్తాం. స్కానింగ్ ఫొటో పంపి 'ఎవరో చెప్పండి' అని అడిగేవాళ్లూ ఉంటారు. 1994 చట్టం ప్రకారం ఆడా మగా చెప్పడం నేరమని, ఆ ఫొటోలో బిడ్డ ఎదుగుదల గురించి డాక్టరు ఏం రాశారో చెప్తామని అంటాం.

తప్పుడు ఫార్వర్డ్‌లు ఎలాగూ వస్తాయి. వచ్చినదాన్నే 'ఇది నమ్మకండి' అని తిప్పి పంపడం మేము చేసిన పెద్ద పొరపాటు. మన హెచ్చరిక పోయి అసలు బొమ్మ మాత్రం ఇంకో నాలుగు ఇళ్లకు, ఆరోగ్య కేంద్రం పంపిందన్న పేరుతో, వెళ్లింది. ఇప్పుడు తప్పు మాటను ఎత్తకుండా సరైన మాటనే కొత్త వాయిస్‌గా చెప్తాం. ముర్రుపాలు పిండి పారేయమన్న ఫార్వర్డ్ తిరుగుతుంటే, 'పుట్టిన గంటలోపు పట్టే పసుపు పాలు బిడ్డకు మొదటి రక్షణ' అని మొదలుపెడతాం, చెడు అన్న మాటే రానివ్వం.

కాన్పు తర్వాత మెసేజ్‌లు తగ్గించాలి. బాలింతకు నిద్రే ఉండదు. మొదటి వారంలో ఒకే ఒక్కటి: తల్లికి జ్వరం, ఆగని రక్తస్రావం, బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడటం. రెండో వారంలో మనసు గురించి ఒకటి ఉంటుంది. ఏడుపు ఆగకపోయినా, బిడ్డను చూస్తే భయమేసినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయవచ్చని, తెలుగులో మాట్లాడతారని. ఆరో వారం టీకా మెసేజ్ సూది వేసే ముందు రోజే వెళ్లాలి. 'రేపు రాత్రికి జ్వరం రావచ్చు, తొడ వాచవచ్చు, సూది వేసిన చోట ఏమీ రాయకండి, ఏఎన్‌ఎం చెప్పినంత మందే వేయండి' అని ముందే వింటే తల్లి పదో వారానికి మళ్లీ వస్తుంది. వినకుండా జ్వరం చూసిన ఇంట్లో రెండో మోతాదుకు తలుపు తీయించడం కష్టం.

తొమ్మిదో నెల నిండాక తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకాకు జవాబుగా కార్డులో ఆ తేదీ ఉన్న గడి ఫొటో అడుగుతాం. అందులో బిడ్డ పేరు కనపడకుండా తీయమని చెప్తాం. ఏడాది నిండిన వారం చివరి మెసేజ్ వెళ్తుంది: ఒకటిన్నర ఏడాదికి వేయించాల్సిన టీకాలు ఏమిటో, ఇకపై వారం వారం మెసేజ్ రాదని, ప్రశ్న ఉంటే ఇదే నంబరుకు పెట్టవచ్చని. తర్వాత ఆ పేరును జాబితాలోంచి, ఎక్సెల్‌లోంచి తీసేస్తాం, ఆమె పంపిన ఫొటోలు, వాయిస్‌లు ఫోన్‌లోంచి చెరిపేస్తాం. జాబితాలో చివరి బిడ్డకు కూడా ఏడాది నిండాక 'అక్టోబరు కాన్పులు' అన్న పేరుతో సహా అది పోతుంది. అప్పటికి వచ్చే ఏడాది మే నెలకు ఇంకో జాబితా సగం నిండి ఉంటుంది.